సైట్ ఎవరిదో, దిద్దే అవకాశమూ వారిదే కావాలి

చిన్న సంస్థలకు వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో ఉన్నవారికి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: "రేపు ఏదైనా మార్చాలంటే మేమే మార్చుకోవచ్చా, లేక ప్రతిదానికీ మళ్ళీ మీకే ఫోన్ చెయ్యాలా?" అడిగేది కళాశాల ఆఫీసు సూపరింటెండెంట్ కావచ్చు, సాహిత్య పత్రిక సంపాదకురాలు కావచ్చు, ఆలయ ట్రస్టులో లెక్కలు రాసే గుమస్తా కావచ్చు. "మీరే మార్చుకోవచ్చు" అని జవాబు చెప్పడం చాలా తేలిక. వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా, కోడ్ రాయకుండానే సైట్‌ను నడుపుకునేందుకు ఉన్న ఈ వ్యవస్థలలో దేనిని వాడినా ఆ మాట పైపైన నిజమే. అయితే ఆరు నెలలు గడిచాక అదే సైట్ తెరిచి చూస్తే, కిందటి సంవత్సరపు ప్రవేశాల ప్రకటన మొదటి పేజీలో ఇంకా మెరుస్తూనే ఉంటుంది. మార్చుకునే వీలు లేక కాదు. ఆ వీలు ఆ పనిచేసే మనిషికి అందే రూపంలో లేక.

ఈ విషయంలో నా అభిప్రాయం స్థిరమైనది కనుక ముందే చెబుతాను. సమాచారం ఎవరికి ముందుగా తెలుస్తుందో, వారు దానిని ఎవరి అనుమతీ సహాయమూ లేకుండా, తెలిసిన పూటే సైట్‌లో మార్చగలగాలి. అక్షరాల పరిమాణం, రంగులు, వరుసల మధ్య ఎడం, ఫోను తెరపై పేజీ ఎలా సర్దుకోవాలన్నది మాత్రం వారు మోయవలసిన బరువు కాకూడదు. ఈ రెండింటినీ కలిపి "పూర్తి స్వేచ్ఛ" అనే ఒకే పేరుతో అమ్ముతున్నందువల్లనే, ఎన్నో సైట్లలో మొదటిది దక్కక, రెండవది మితిమీరి, రెండు వైపులా నష్టం జరుగుతోంది.

ఒక సైట్‌లో సిబ్బందికి నిజంగా దిద్దుకునే వీలు ఉందో లేదో తెలుసుకోవడానికి లోపలికి లాగిన్ కానక్కరలేదు, నోటీసుల పేజీ చూస్తే చాలు. అక్కడున్నవన్నీ ఫోనుతో తీసిన ఫొటోలో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో అయితే, ఆ సైట్‌లో రాయడం నోటీసులు పెట్టే ఉద్యోగికి కష్టంగా ఉందని అర్థం. అతని చేతిలో సంతకమూ ముద్రా పడిన కాగితం ఉంది. సైట్ మాత్రం శీర్షిక అడుగుతోంది, వర్గం అడుగుతోంది, ఖాళీ తెర చూపించి అందులో ఏదో నిర్మించమంటోంది. ఇంకా నలుగురు బయట వేచి ఉన్న సమయంలో అతను కాగితాన్ని ఫొటో తీసి పెట్టేస్తాడు. ఆ ఫొటోలోని తేదీ గూగుల్ వెతుకులాటలో సరిగా దొరకదు. చూపు లేనివారి స్క్రీన్ రీడర్ దానిని మామూలుగా చదివి వినిపించలేదు. చిన్న ఫోనులో చూసేవారు దానిని పెద్దది చేసుకుని అటూ ఇటూ జరుపుకుంటూ చదువుకోవాలి. ఇందులో ఆ ఉద్యోగిని తప్పుపట్టవలసినదేమీ లేదు, అతనికి దొరికిన దారులలో దగ్గరి దారిని ఎంచుకున్నాడు.

తెలుగులో దీనికి ఇంకొక కారణం కూడా తోడవుతుంది. మన డీటీపీ కేంద్రాలలో ఈనాటికీ చాలా పని పేజ్‌మేకర్‌లో 'అను' అనే పేరున్న ఫాంట్లతో జరుగుతోంది. ఆ పాఠం, అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తించే యూనికోడ్ సంకేతాలలో ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షర భాగాలను కూర్చి ఆ ఫాంట్లను తయారుచేశారు. అందువల్ల ఆ పాఠాన్ని కాపీ చేసి సైట్‌లో అతికించగానే అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు కనబడుతుంది. దానిని యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయని మనకు తెలుసు, ఆ గుమస్తాకు తెలియదు. అందుకే కరపత్రాన్ని బొమ్మగా మార్చి పంపమని డీటీపీ ఆపరేటర్‌ను అడుగుతాడు. తెలుగు సైట్‌ను అప్పగించేటప్పుడు అను పాఠాన్ని మార్చే దారిని కూడా చేతిలో పెట్టకపోతే, రాసే చోటుగా ఎంత మంచి ఎడిటర్ ఇచ్చినా సగం పనే చేసినట్టు.

ఇక వ్యవస్థల సంగతి. నేను ఎక్కువగా పనిచేసేది వర్డ్‌ప్రెస్‌తో కాబట్టి దాని గురించే వివరంగా చెబుతాను. 2003 మే నెలలో బ్లాగుల కోసం పుట్టిన ఈ వ్యవస్థలో చాలా ఏళ్లపాటు రాసే చోటు అంటే ఒకే పెద్ద పెట్టె. పైన బోల్డు, ఇటాలిక్, లింకు వంటి కొన్ని బొత్తాలు, కింద వర్డ్ పత్రంలాంటి ఖాళీ జాగా ఉండేవి. వ్యాసం రాసుకునేవారికి అది హాయిగానే ఉండేది. ఒక పేజీలో రెండు నిలువు వరుసలు కావాలన్నా, ఫొటోల వరుస కావాలన్నా చదరపు బ్రాకెట్లలో షార్ట్‌కోడ్ అనే గుర్తులు రాయవలసి వచ్చేది. వాటిలో ఒక్క బ్రాకెట్ చెరిగిపోయినా పేజీ చెదిరిపోయేది. ఆ లోటును పూరించడానికి ఎలిమెంటార్ వంటి పేజీ బిల్డర్లు వచ్చాయి. మౌస్‌తో లాగి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునే వీలు వాటితో కలిగింది. 2018 డిసెంబరు 6న వచ్చిన 5.0 సంచికతో (వెర్షన్‌తో) గుటెన్‌బర్గ్ అనే బ్లాకు ఎడిటర్ వర్డ్‌ప్రెస్‌లోనే భాగమైంది. పేరా ఒక బ్లాకు, ఫొటో ఒక బ్లాకు, పట్టిక ఒక బ్లాకు. దీనిని ఇష్టపడని వారి కోసం పాత పెట్టెను తిరిగి తెచ్చే క్లాసిక్ ఎడిటర్ అనే ప్లగిన్ (వ్యవస్థకు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాము) కూడా ఉంది. దానిని ఇప్పటికీ లక్షల సైట్లు వాడుతున్నాయి. అలవాటును వదలలేకపోవడం ఒక్కటే అందుకు కారణమని నేను అనుకోను. రాయడానికి కూర్చున్న మనిషికి ఖాళీ కాగితం చాలు, పెట్టెల అమరిక అతని పని కాదన్న సత్యం కూడా అందులో ఉంది.

పేజీ బిల్డర్ల గురించి ఒక హెచ్చరిక మాత్రం చెప్పి ముందుకు వెళతాను. వాటిని తీసివేసిన రోజున ఏం మిగులుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. కొన్నిటిలో పేజీ నిండా షార్ట్‌కోడ్ గుర్తులు బయటపడతాయి, మరికొన్నిటిలో అమరిక అంతా పోయి పాఠం ఒక ముద్దగా మిగులుతుంది. పదేళ్లు నిలవవలసిన పత్రిక పాత సంచికలను అటువంటి పునాది మీద కట్టమని నేను ఎవరికీ చెప్పను.

స్వేచ్ఛ మితిమీరినప్పుడు ఏం జరుగుతుందో తెలుగు సైట్లలో స్పష్టంగా కనబడుతుంది. బ్లాకు ఎడిటర్‌లో ప్రతి పేరాకూ రంగు, పరిమాణం, వరుసల ఎడం విడివిడిగా మార్చే వీలుంది. ముగ్గురు ఉద్యోగులు మూడు నెలలు పనిచేస్తే శీర్షికలు మూడు రంగులలోకి మారతాయి. ముఖ్యమైన వాక్యాన్ని బోల్డు చేస్తారు. కానీ మండలి వంటి మన ఉచిత ఫాంట్లు కొన్ని ఒకే మందంలో దొరుకుతాయి కాబట్టి బ్రౌజరే అక్షరాన్ని కృత్రిమంగా లావు చేస్తుంది, చిన్న పరిమాణంలో గుణింతాల మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. ఇటాలిక్ నొక్కితే తెలుగు అక్షరాన్ని బలవంతంగా పక్కకు వంచుతుంది. పేజీలో ఎక్కువ పట్టాలని వరుసల ఎడం తగ్గిస్తే, పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులను, ఏత్వాలను తాకుతాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా తయారైన, సైట్ రూపురేఖలను నిర్ణయించే థీమ్‌లలో ఈ ఎడం మొదటే తక్కువగా ఉంటుంది. దానిని ఒకసారి థీమ్‌లోనే సరిచేసి, ఆ తరువాత ఎవరూ మార్చే అవసరం లేకుండా చెయ్యడం డెవలపర్ బాధ్యత.

ఈ పనికి వర్డ్‌ప్రెస్‌లో మంచి సాధనం ఉంది. 2021 జులైలో వచ్చిన 5.8 సంచిక నుంచి థీమ్‌లో జేసన్ (JSON) అనే సాదా పాఠం రూపంలో ఒక అమరికల ఫైలు పెట్టుకోవచ్చు. సంపాదకులకు ఏ రంగులు కనబడాలి, ఏ పరిమాణాలు కనబడాలి, వాటికి బయట సొంతంగా ఎంచుకునే వీలు ఉండాలా వద్దా అన్నది అందులోనే నిర్ణయమవుతుంది. నేను చేసే సైట్లలో సొంత రంగులను, సొంత అక్షర పరిమాణాలను పూర్తిగా మూసివేస్తాను. మొదట్లో దీనిని కొందరు తమ హక్కును తగ్గించినట్టుగా భావించారు. కానీ కుడివైపు పలకలో ఇరవై అమరికలకు బదులు మూడే కనబడినప్పుడు, ఏదో పాడుచేస్తామన్న భయం పోయి, రాయడం మొదలుపెట్టినవారిని నేను చూశాను. తక్కువ బొత్తాలున్న చోట ఎక్కువ మార్పులు జరగడం నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే సంతోషం కలిగించే విషయం.

అమరికను మూసివేయడం ఒక ఎత్తయితే, సమాచారానికి తగిన గళ్లు, అంటే పేరుకో తేదీకో విడివిడిగా నింపే పెట్టెలు, ఇవ్వడం ఇంకొక ఎత్తు. మన జిల్లాల అధికారిక వెబ్‌సైట్లు చూడండి. కేంద్ర సంస్థ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఇచ్చే ఒకే వేదిక మీద అవి నడుస్తాయి. నోటీసుల పేజీలో ప్రకటన పేరు, వివరం, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ, ఫైలు అనే వరుసలుంటాయి, గడువు తీరినవాటికి వేరే చోటు ఉంటుంది. ఆ సైట్ల అందచందాల గురించి ఎవరి అభిప్రాయం వారిదే అయినా, ఈ ఒక్క ఏర్పాటులోని వివేకాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. ముగింపు తేదీ అన్న గడి ఉన్నందువల్ల ప్రకటన ఎప్పటివరకు చెల్లుతుందో పెట్టేటప్పుడే ఆలోచించవలసి వస్తుంది. అదే ప్రకటనను పేరా బ్లాకుగా మొదటి పేజీలో రాస్తే, దానిని తీసివేయాలని ఒక మనిషి గుర్తుపెట్టుకోవాలి. ఆ మనిషికి బదిలీ అయితే ఆ ప్రకటన అక్కడే ఉండిపోతుంది.

మళ్ళీ మళ్ళీ ఒకే ఆకారంలో వచ్చే సమాచారం ఏదైనా ఇలాగే గళ్లలోకి వెళ్లాలని నా వాదన: అధ్యాపకుల వివరాలు, ఆలయ సేవలు, రుసుములు, గ్రంథాలయ వేళలు, పత్రిక సంచికలు. వర్డ్‌ప్రెస్‌లో 2010లో వచ్చిన 3.0 సంచిక నుంచి ఇటువంటి సమాచారానికి సొంత రకాలను తయారుచేసుకునే వీలు గట్టిపడింది. ద్రూపల్ అయితే 2011లో వచ్చిన 7వ సంచికతో గళ్లను తన కేంద్రంలోనే పెట్టుకుంది, ఆ దృష్టి మొదటి నుంచీ దానికి బలం. అధ్యాపకురాలి హోదా మారితే గుమస్తా ఒక గడిలో ఒక మాట మారుస్తాడు. ఆ మార్పు విభాగం పేజీలోనూ, సిబ్బంది జాబితాలోనూ, కమిటీ పేజీలోనూ ఒకేసారి కనబడుతుంది. ఒకే వివరాన్ని మూడు చోట్ల విడివిడిగా దిద్దుకునే స్వేచ్ఛ ఎవరికీ అక్కరలేదు.

అయితే అన్నిటినీ గళ్లలో పెట్టాలనే పట్టుదల కూడా తప్పే. సాహిత్య పత్రికలో ఒక వ్యాసానికి మధ్యలో శాసనం ఫొటో వస్తుంది, ఇంకొకదానికి పద్యాలు వస్తాయి, మరొకదానికి వంశవృక్షం పట్టిక కావాలి. వీటికి గళ్లు గీస్తే సంపాదకురాలు ఊపిరాడక కూర్చుంటుంది. ఇక్కడ బ్లాకు ఎడిటరే సరైనది. కవిత్వం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పేరా బ్లాకులో ఎంటర్ నొక్కితే కొత్త పేరా మొదలవుతుంది కాబట్టి, పాదం పాదానికీ మధ్య పెద్ద ఖాళీ పడి పద్యం విడిపోయినట్టు కనబడుతుంది. కంప్యూటర్‌లో షిఫ్ట్‌తో కలిపి ఎంటర్ నొక్కవచ్చు. ఫోనులో టైపు చేసేవారికి ఆ వీలు దొరకదు, మన రచయితలలో చాలామంది ఇప్పుడు ఫోనులోనే రాస్తున్నారు. వర్స్ అనే బ్లాకు పాదాల విరుపునూ, పాదం ముందు వదిలిన ఖాళీనీ ఉన్నది ఉన్నట్టు నిలుపుతుంది. కవితలు వేసే ప్రతి తెలుగు సైట్‌లోనూ దీనిని సంపాదకులకు మొదటి రోజే చూపించాలి.

గళ్లకూ ఖాళీ కాగితానికీ మధ్య ఒక దారి ఈ మధ్య సంవత్సరాలలో బాగా మెరుగుపడింది. ఒక సభ ప్రకటనకో, పుస్తక పరిచయానికో కావలసిన అమరికను డెవలపర్ ముందే కూర్చి, ఒక నమూనాగా భద్రపరుస్తాడు. సంపాదకుడు దానిని పేజీలోకి తెచ్చుకుని మాటలు, ఫొటో మాత్రమే మారుస్తాడు. నమూనాలోని బ్లాకులను కదలకుండా, చెరగకుండా తాళం వెయ్యవచ్చు, పాఠం తప్ప ఇంకేదీ దిద్దే వీలు లేకుండానూ చెయ్యవచ్చు. 2024 జులైలో వచ్చిన 6.6 సంచికతో ఇంకొక సౌకర్యం వచ్చింది. అన్ని పేజీలలోనూ ఒకే అమరికను పంచుకునే నమూనాలో, ఎంచుకున్న భాగాలను ఏ పేజీకి ఆ పేజీలో వేరుగా రాసుకోవచ్చు. రేపు అమరిక మార్చాలనిపిస్తే ఒక్కచోట మారుస్తే చాలు, వంద పేజీలలోని మాటలు చెక్కుచెదరవు. ఎన్నో ఏళ్లుగా నేను కోరుకున్నది ఇదే.

అధికారాల విషయం చాలామంది పట్టించుకోరు, కానీ దిద్దుకునే వీలు ఎక్కువగా తెగిపోయేది అక్కడే. వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ హోదా ఇస్తే రచయిత రాయగలడు, ప్రచురించలేడు. అంతవరకు సబబే. కానీ మామూలు అమరికలో అతను ఫొటోను అప్‌లోడ్ కూడా చెయ్యలేడు. దాంతో ఫొటోలు వాట్సాప్‌లో సంపాదకురాలికి చేరతాయి, ఆమె రాత్రిళ్లు కూర్చుని ఎక్కిస్తుంది. ఎడిటర్ హోదా ఉన్నవారు ఏ పేజీనైనా దిద్దగలరు, మెనూలో ఒక్క లింకు చేర్చలేరు. ఎందుకంటే మెనూలను మార్చే అధికారం థీమ్‌ను మార్చే అధికారంతో ముడిపడి ఉంది. ఆ ఒక్క అవసరం కోసం ఆఫీసులో అందరికీ అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ హోదా ఇచ్చేస్తారు. అప్పుడు ప్లగిన్లను తీసివేయగల అధికారం కూడా నోటీసులు పెట్టే ఉద్యోగి చేతికి వస్తుంది, అతనికి అది అక్కరలేదు, దాని వల్ల భయం తప్ప ప్రయోజనం లేదు. హోదాలలో చిన్న మార్పులు చేసే ప్లగిన్లు ఉన్నాయి, నాలుగు వాక్యాల కోడ్‌తోనూ ఈ పని అవుతుంది. కంట్రిబ్యూటర్‌కు ఫొటో ఎక్కించే వీలు, ఎడిటర్‌కు మెనూ దిద్దే వీలు ప్రతి సైట్‌లోనూ చేర్చాలన్నది నా నియమం. మెనూ అధికారంతో పాటు థీమ్ అమరికల పేజీలు కూడా తెరుచుకుంటాయి కాబట్టి వాటిని వేరుగా కనబడకుండా చెయ్యాలి.

ఇంకొక లోటు ఇంతకంటే పెద్దది. వర్డ్‌ప్రెస్‌లో ఇప్పటికే ప్రచురితమైన పేజీని దిద్ది భద్రపరిచిన వెంటనే అది లోకమంతటికీ కనబడుతుంది. దిద్దుబాటును చిత్తుగా ఉంచి, పై అధికారి చూశాక విడుదల చేసే ఏర్పాటు దానిలో పుట్టుకతో లేదు, వేరే ప్లగిన్ పెట్టుకోవాలి. ద్రూపల్‌లో 2018లో వచ్చిన 8.5 సంచిక నుంచి ఈ ఏర్పాటు స్థిరంగా ఉంది. బయట పాత పేజీ కనబడుతూ ఉండగానే లోపల కొత్త చిత్తు సిద్ధమవుతుంది. రుసుముల పట్టికను ప్రిన్సిపాల్ ఆమోదించకుండా మార్చకూడని కళాశాలకు ఇది చాలా అవసరం. అయితే 2008లో వచ్చిన 2.6 సంచిక నుంచి వర్డ్‌ప్రెస్ ప్రతి దిద్దుబాటుకూ పాత ప్రతిని దాచి ఉంచుతోంది. ఏ తేదీన ఎవరు ఏ మాట మార్చారో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, ఒక్క బొత్తాంతో వెనక్కి వెళ్లవచ్చు. ఈ ఒక్కటి స్వయంగా చేసి చూపిస్తే, కంప్యూటర్ అంటే వెనుకాడే వయసు పైబడిన ఉద్యోగులు కూడా ధైర్యంగా కీబోర్డు దగ్గరికి వస్తారు.

తెలుగు శీర్షిక పెట్టినప్పుడు వచ్చే చిక్కు కూడా సంపాదకులకు చెప్పి తీరాలి. శీర్షిక నుంచి వర్డ్‌ప్రెస్ తానే పేజీ చిరునామా తయారుచేస్తుంది, దానికి 200 గుర్తుల హద్దు ఉంది. చిరునామాలో ఒక్కొక్క తెలుగు సంకేతం 9 గుర్తులుగా మారుతుంది, గుణింతపు గుర్తులూ హల్లుల కలయికలూ విడివిడిగా లెక్కకు వస్తాయి. కాబట్టి దాదాపు 22 సంకేతాలకే హద్దు నిండుతుంది. "గ్రంథాలయ వారోత్సవాల ప్రారంభ సభ" అని రాస్తే చిరునామా మూడో మాట మధ్యలోనే తెగిపోతుంది. పైగా ఆ లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో నిండిన పొడవాటి వరుసగా కనబడవచ్చు. ప్రచురించేముందు చిరునామా గడిలో రెండు మూడు రోమన్ మాటలు రాసుకునే అలవాటును మొదటి శిక్షణలోనే నేర్పాలి. ఒకసారి పంచుకున్న లింకును తరువాత మార్చడం మంచిది కాదు.

పని ఒప్పుకునేముందు నేను ఆ సంస్థను ఒక జాబితా అడుగుతాను: గడిచిన సంవత్సరంలో సైట్‌లో ఏయే మార్పులు కావలసి వచ్చాయి, ఆ సంగతి ముందుగా ఎవరికి తెలిసింది, ఎంత తొందరగా పెట్టవలసి వచ్చింది. కొత్త సైట్ లేకపోయినా ఈ జాబితా రాయవచ్చు. పాత ఈమెయిళ్లలో, వాట్సాప్ గ్రూపులో అంతా దొరుకుతుంది. వారానికి ఒకసారి మారేవాటికి గళ్లు, నెలకొక తీరుగా వచ్చేవాటికి నమూనాలు, ఏడాదికి ఒకసారి కూడా మారనివాటికి తాళం. ఏ ప్లగిన్ మంచిదనే చర్చ ఆ తరువాతే. అప్పగించే రోజున మొదటి నోటీసును ఆ పని చెయ్యవలసిన ఉద్యోగి చేతనే, ఆయన రోజూ వాడే కంప్యూటర్‌లోనో ఫోనులోనో పెట్టిస్తాను, నేను మౌస్ ముట్టుకోను. ఆయన ఎక్కడ ఆగాడో అక్కడ ఆ తెరపై తెలుగులో ఒక వాక్యం రాసి పెడతాను. గడి కింద సూచన రాసే వీలు ఈ వ్యవస్థలన్నిటిలోనూ ఉంది, దానిని వాడేవారే తక్కువ.

చివరగా డొమైన్ (సైట్ చిరునామా), హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ చోటు), అడ్మిన్ ఈమెయిల్ ఎవరి పేరున ఉన్నాయన్నది చూసుకోవాలి. ఇవి డెవలపర్ పేరున ఉంటే, ఎన్ని బ్లాకులు తెరిచి ఇచ్చినా ఆ సైట్ సంస్థది కాదు. ఒక ఉద్యోగి సొంత ఈమెయిల్‌కు ముడిపడి ఉంటే ఆయన పదవీ విరమణ చేసిన నెలలోనే చిక్కు మొదలవుతుంది. కార్యాలయం పేరున ఒక ఈమెయిల్ తెరిచి, అన్నిటినీ దానికి మార్చి, పాస్‌వర్డ్‌ను సంస్థ బాధ్యులిద్దరి దగ్గర ఉంచాకే నేను పని పూర్తయిందని బిల్లు ఇస్తాను.